రెండు వందల నలభయ్యో రోజు

రేపు పొద్దున ఎనిమిది గంటల దాకా ఒక కాగితం తన చేతికి అందకుండా ఉంటే చాలు, పట్టాభి జన్మంతా బతికిపోతాడు. ఇప్పుడు టైము పది. అంటే ఇంకా ఇరవై రెండు గంటలు.

ఆ కాగితం ఎక్కడుందో కూడా అతనికి తెలుసు. మేట్టుపాళయంలోని క్రౌన్‌వెల్ ఫ్యాన్ల కంపెనీ ఆఫీసులో, పర్సనెల్ మేనేజర్ బాలసుబ్రహ్మణ్యం గారి బల్ల సొరుగులో ఉంది. నిన్ననే టైపయింది. సంతకం కూడా పడింది. 'పి. పట్టాభి, టోకెన్ నంబరు టి-1147, మీ తాత్కాలిక సేవలు నేటితో ముగిసినవి' అని అందులో ఉంటుంది. ఇంతకుముందు రెండుసార్లు అందుకున్నాడు గనక మాటలు కంఠతా వచ్చు.

కంపెనీ సూత్రం చాలా సులువు. వరసగా రెండు వందల నలభై రోజులు పనిచేసినవాడు పర్మనెంటు. అందుకని రెండు వందల ముప్ఫై తొమ్మిదో రోజు సాయంత్రం ఆ కాగితం చేతిలో పెట్టి ఇంటికి పంపిస్తారు. దాని పేరు బ్రేకు. పది రోజులయ్యాక మళ్ళీ పిలిచి, ఒకటి నుంచి లెక్క మొదలుపెడతారు. మొత్తం పన్నెండు వందల మంది పనివాళ్ళలో పర్మనెంటువాళ్ళు నాలుగు వందలే. అంతకు మించకూడదని బొంబాయి హెడ్డాఫీసు ఉత్తర్వు. మిగతా ఎనిమిది వందల మందికీ ఆ నలభయ్యో రోజు ఎప్పుడూ తెల్లవారదు.

ఇవాళ బుధవారం, 1984 ఆయుధపూజ. పట్టాభికి ఇవాళ సరిగ్గా రెండు వందల ముప్ఫై తొమ్మిదో రోజు.

పర్మనెంటుకీ టెంపరరీకీ ఉన్న తేడా క్యాంటీన్‌లో తెలుస్తుంది. ముప్ఫై పైసల భోజనం ఇద్దరికీ ఒకటే. అన్నం ఒకటే, సాంబారు ఒకటే. కానీ పర్మనెంటు పళ్ళెంలో మాత్రం ఒక అప్పడం పడుతుంది. ఆ అప్పడం వెనకాలే నీలం చొక్కా, బూట్లు, నెలకు మూడు సబ్బులు, ఆస్పత్రి, పీఎఫ్, వీధిలో మర్యాద అన్నీ వస్తాయి. రెండేళ్ళుగా పక్కవాడు అప్పడం నములుతుంటే ఆ చప్పుడు వింటూ పట్టాభి అన్నం తింటున్నాడు.

ఈసారి కాగితం అందితే అతను కంపెనీకి తిరిగి వచ్చే దారి కూడా లేదు. దానికి కారణం అతని నోరే.

* * *

ఎనిమిది నెలల కింద, రెండో బ్రేకు ఆఖరి రోజు సాయంత్రం ముత్తియాల్‌పేటలో జరిగిన గొడవ అది. రంగనాథానికి అక్కడ స్టీలు పాత్రల అంగడి ఉంది. ఆయన పట్టాభికి మేనమామ, పైగా పిల్లనిచ్చిన మామ. బ్రేకు వచ్చినప్పుడల్లా పట్టాభి ఆ పది రోజులూ ఆ అంగట్లోనే కూర్చుని, కొన్న గిన్నెల మీద సుత్తీ ఉలితో పేర్లు కొడుతుండేవాడు.

"రేపు మళ్ళీ పోతావా ఆ కంపెనీకి?" అన్నాడు రంగనాథం.

"పోతా మామా. పిలిచినారు కదా."

"పిలుస్తారు. మళ్ళీ పంపిస్తారు. అదేమి ఉద్యోగమా, ఉయ్యాలా? ఆడ నువ్వు చేసే పని ఏందిరా?"

"ఫ్యాన్ రెక్కకి మూడు స్క్రూలు బిగిస్తా."

"నాలుగోది?"

"నాలుగోది పక్క షెడ్డు."

"నీ ఇంట్లో ఫ్యాన్ ఉండాదా?"

"లేదు."

"ఆడ నీ పేరు ఎవరికన్నా తెలుసునా?"

"టోకెన్ నంబరు తెలుసు."

"ఒంటికి పోవాలంటే?"

పట్టాభి కాస్త తగ్గాడు. "సూపర్‌వైజర్ దగ్గర అట్ట తీసుకోని పోవాల. నలభై మందికి ఒక అట్ట. పోయినోడు వచ్చినాక..."

"చూడమ్మా నీ మొగుడి రాజభోగం!" అని రంగనాథం గల్లా పక్కన నిలబడ్డ కూతురు కోమలతో అన్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి నవ్వారు.

పట్టాభికి రోషం వచ్చింది. "నీ అంగట్లో మాత్రం ఏముంది మామా? పొద్దున ఏడుకి తలుపు తీస్తే రాత్రి తొమ్మిది. ఆదివారం లేదు, పండగ లేదు. జరమొస్తే గల్లా మీద తల పెట్టుకోని పడుకుంటావు. మా కంపెనీలో నాలుగున్నరకి సైరన్ సంగు ఊదితే ఆ దేవుడే వచ్చి అడిగినా నేను నిలబడను. అయినా ఈ పది దినాల్లో నేను నీ అంగడిని ఎంత దారికి తెచ్చిపెట్టినానో చూసినావు కదా?"

రంగనాథం అంగడి పైకప్పు వైపు చూశాడు.

అప్పుడే పక్కింటి మీనాంబాళ్ ఒక స్టీలు పళ్ళెం పట్టుకొని వచ్చింది. "ఏమప్పా పట్టాభీ, నా పళ్ళెంలో సగం పేరే ఉండాది. తక్కింది ఎప్పుడు కొడతావు?"

"చూస్తాంలే అక్కా," అని పట్టాభి మామ వైపు తిరిగాడు. ఈసారి వీధంతా వినేటట్టు అరిచాడు. "మూడోసారి కూడా నన్ను పంపేస్తే ఆ కంపెనీ వాకిలి తొక్కను. జన్మంతా నీ అంగట్లోనే కూర్చుంటా. పందెం. సరేనా?"

రంగనాథం ఒక్క క్షణం తటపటాయించాడు. ఆరేళ్ళుగా 'అంగడికి వచ్చెయ్యరా, వచ్చెయ్యరా' అని వీధి వింటుండగా పిలుస్తున్న మనిషి ఆయన. ఇప్పుడు అదే వీధి ఆయన జవాబు కోసం చూస్తోంది.

"సరే," అన్నాడు.

ఆ తటపటాయింపును ఎవరూ పట్టించుకోలేదు.

* * *

కంపెనీలో పూజ పది గంటలకు మొదలైంది. రెండో షెడ్డులో ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద స్పానర్లు, సుత్తులు, మైక్రోమీటర్లు వరసగా పేర్చారు. యంత్రాలకు పసుపు కుంకుమలు, చామంతి మాలలు. ఫోర్‌మన్ చెల్లప్పన్ నడుముకు తువ్వాలు కట్టుకొని హడావుడిగా తిరుగుతున్నాడు. పూజలో ఉన్న పనిముట్టును మర్నాడు పునర్‌పూజ అయ్యేదాకా ముట్టుకోకూడదు. ఈ ఒక్క నియమాన్ని మాత్రం కంపెనీలో అందరూ సర్క్యులర్ లేకుండానే పాటిస్తారు.

పట్టాభి జనంలో వెనక నిలబడి హారతి చూస్తున్నాడు. దండం పెట్టాడు గాని మనసు దాని మీద లేదు. మధ్యాహ్నం ప్రసాదం పంచాక ఆఫీసు నుంచి పిలుపు వస్తుంది. కాగితం ఇస్తారు. ఆ తర్వాత జన్మంతా మామ ముఖం.

అప్పుడు కనబడింది అతనికి.

పై మెట్టు మీద, సరస్వతి పటం ముందు, ఆఫీసు టైపురైటర్ పెట్టారు. దాని పక్కన రబ్బరు స్టాంపు. ఆ రెండింటి మధ్య, లావుపాటి చామంతి మాల కింద, ఎర్ర అట్టల డిస్పాచ్ రిజిస్టర్.

పట్టాభి మెడ చాచి మరోసారి చూశాడు.

కంపెనీ నుంచి ఏ కాగితం బయటికి వెళ్ళినా ఆ రిజిస్టర్‌లో ఎక్కి నంబరు వేయించుకోవాలి. ప్రతి నోటీసు బోర్డు మీదా నలభై ఏడో సర్క్యులర్ అతికించి ఉంది. 'నోటిమాటగా చెప్పిన ఉత్తర్వు చెల్లదు. డిస్పాచ్ నంబరు లేని ఉత్తర్వు చెల్లదు. ఉద్యోగి చదివి సంతకం చేసిన నిమిషం నుంచే ఉత్తర్వు అమలవుతుంది.' దాన్ని రాసింది బాలసుబ్రహ్మణ్యం గారే. రిజిస్టర్ పూజలోకి రావడానికి కారణం కూడా ఆయనే. 'పూజ నిమిత్తం ప్రతి శాఖా తాము పనిచేసే పనిముట్లను సమర్పించవలెను' అని పోయిన వారం నూటపన్నెండో సర్క్యులర్ జారీ చేశారు. ఆఫీసు తరఫున ఏం ఇవ్వాలని చెల్లప్పన్ అడిగితే, టైపిస్టు తిలగం బాగా ఆలోచించి, ఆఫీసులో నిజంగా పనిచేసేవి ఈ మూడే అని చెప్పి ఎత్తి ఇచ్చింది.

* * *

పదకొండున్నరకు బాలసుబ్రహ్మణ్యం గారు పట్టుపంచె ఎత్తి పట్టుకొని చెల్లప్పన్ దగ్గరికి వచ్చారు. డ్రిల్లింగ్ మెషిన్ వెనక సుండల్ శనగల పొట్లంతో నిలబడ్డ పట్టాభికి మాటలన్నీ వినబడుతున్నాయి.

"చెల్లప్పన్, ఆ రిజిస్టర్ ఒక్క నిమిషం తియ్యవయ్యా."

"అయ్యయ్యో, ఇప్పుడు యాడ సార్? పూజలో కూర్చోని ఉండాది. రేపు పునర్‌పూజ అయినాకనే."

"ఒక్క నంబరు వేసుకొని మళ్ళీ పెట్టేస్తాను."

"ఇరుసప్పన్ కూడా ఇట్లనే చెప్పినాడు సార్. ఒక్క బోల్టు బిగించి స్పానర్ మళ్ళీ పెట్టేస్తానని."

ఇద్దరూ తలలు తిప్పి చూశారు. షెడ్డు గుమ్మంలో ఇరుసప్పన్ మూడు వేళ్ళతో సుండల్ తింటున్నాడు. మిగతా రెండు వేళ్ళూ మూడేళ్ళ కింద ప్రెస్సులో పోయాయి. అతను పూజలోంచి స్పానర్ తీసిన నాలుగు నెలలకు ఆ ప్రమాదం జరిగింది. ఆ నాలుగు నెలల సంగతి మాత్రం కథ చెప్పేటప్పుడు ఎవరూ చెప్పరు.

మేనేజర్ గారు రిజిస్టర్ వైపు చెయ్యి చాచి, తన వేళ్ళ వైపు చూసుకొని, వెనక్కి తీసుకున్నారు. షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. పన్నెండు వందల జతల కళ్ళు ఆ చేతి మీదే ఉన్నాయి.

"రేపు పునర్‌పూజ ఎన్నింటికి?"

"ఎనిమిదీ ముక్కాలుకి సార్. ఏడున్నర దాకా యమగండం. ఆపైన వర్జ్యం. పంచాంగం చూసే పెట్టినా."

షిఫ్టు ఎనిమిదికే మొదలు, పునర్‌పూజకు ముప్పావు గంట ముందే. పట్టాభి చప్పుడు కాకుండా ఊపిరి వదిలాడు.

కానీ బాలసుబ్రహ్మణ్యం గారు పదకొండేళ్ళుగా పర్సనెల్ మేనేజర్. నాలుగు వందల ఒకటో పర్మనెంటు మనిషి పుట్టుకొస్తే బొంబాయికి మూడు ప్రతుల్లో సంజాయిషీ రాయవలసింది ఆయనే. ఇప్పుడు సంతకం తీసుకొని, నంబరు రేపు వేసి, తేదీ ఇవాళ్టిది రాసుకుంటే ఎవరు అడుగుతారు? కాగితం జేబులో పెట్టుకొని షెడ్డులోకి నడిచారు.

"టి-1147! టి-1147 ఎవరు?"

ఇక్కడే కంపెనీ తన గోతిలో తనే పడింది. రెండేళ్ళుగా ఆ కంపెనీకి పట్టాభి ముఖంతో పని పడలేదు. నంబరుతోనే పని జరిగింది. ఇవాళ పండగ. అందరూ తెల్ల పంచెలతో, నుదుట విబూదితో ఉన్నారు. ఒక్కడి చొక్కాకీ బ్యాడ్జీ లేదు. మేనేజర్ గారు ఒక్కో ముఖమూ చూసుకుంటూ వచ్చి, డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర ఆగి, పట్టాభినే అడిగారు.

"ఏమయ్యా, 1147 ఎవరు?"

పట్టాభి గొంతులో శనగలు అడ్డం పడ్డాయి. మింగాడు.

"ఇప్పుడే కదా సార్ ఆ పక్కకి పోయినాడు."

"ఎలా ఉంటాడు?"

"నా మాదిరే ఉంటాడు సార్."

బాలసుబ్రహ్మణ్యం గారు ఆ పక్కకి పరుగెత్తారు. పట్టాభి ఈ పక్క గేటు నుంచి బయటపడి సైకిలెక్కాడు.

* * *

పన్నెండున్నరకు మేనేజర్ గారు బొంబాయికి ట్రంకాల్ బుక్ చేశారు. రెండున్నరకు లైను కలిసింది. డిస్పాచ్ నంబరు లేకుండా ఒక ఉత్తర్వు పంపడానికి అనుమతి కావాలని అడిగారు.

"తప్పకుండా పరిశీలిస్తాం," అంది బొంబాయి. "ఆ విషయమే రాతపూర్వకంగా పంపండి. డిస్పాచ్ నంబరు వెయ్యడం మరవకండి."

లైను తెగిపోయింది. ఆయన అయిదు నిమిషాలు ఖాళీ టైపురైటర్ బల్ల వైపు చూస్తూ కూర్చున్నారు. అప్పుడు మెదడులో దీపం వెలిగింది. టెలిగ్రాం! దానికి కంపెనీ నంబరు అక్కర్లేదు. పోస్టాఫీసే దాని మీద నంబరు వేస్తుంది.

కంపెనీ అంబాసిడర్ కారు పోస్టాఫీసు ముందు ఆగింది. అక్కణ్ణుంచి పట్టాభి ఇల్లు నడిస్తే ఇరవై నిమిషాలు. కానీ మనిషి నడిచి వెళ్ళి చెబితే అది నోటిమాట అవుతుంది, చెల్లదు. ఆయన కౌంటర్ దగ్గర ఫారం నింపి ఇచ్చారు.

గుమాస్తా చదవకుండానే అడిగాడు. "చావు కబురా సార్? అయితే ముందు పంపిస్తాం."

"చావు కాదు, ఉద్యోగం."

"అయితే ఆర్డినరీ," అని గుమాస్తా ఫారాన్ని దొంతర అడుగున పెట్టాడు.

* * *

సాయంత్రం ఆరున్నరకు రంగనాథం అంగట్లో పూజ. లక్ష్మీ సరస్వతుల పటాల ముందు తక్కెడ, పేర్లు కొట్టే ఉలులు, సుత్తి, అంగడి పుస్తకాలు పెట్టి మాల వేశారు. పట్టాభి తల్లి అలివేలుమంగ ప్రమిద వెలిగించింది. కోమల కర్పూరం పళ్ళెం పట్టుకుంది. విల్లియనూరు నుంచి పండక్కి వచ్చిన విశాలాక్షి పెద్దమ్మ లోపల బిందెల వరస వెనక చాప మీద కూర్చుని ఉంది. దిష్టి తీసిన బూడిద గుమ్మడికాయను రెండు చేతులా పట్టుకొని పట్టాభి వీధిలోకి దిగాడు. కాయను పగలగొట్టేస్తే పూజ అయిపోయినట్టే. పొద్దు గడిచింది, ఇక రాత్రి గడిస్తే చాలు.

సైకిల్ గంట మోగింది. ఖాకీ చొక్కా మనిషి కాలు నేలకు ఆన్చి ఆగాడు.

"పి. పట్టాభి ఎవరు? తంతి వచ్చింది."

తంతి అన్న మాట వినడమే ఆలస్యం, అలివేలుమంగ గుండెలు బాదుకుంది. "అయ్యో దేవుడా! ఎవురు పోయిరిరా?"

మీనాంబాళ్ తన గుమ్మంలోంచి పరుగెత్తుకొచ్చింది. ఏడుపుల్లో ఆమెకు వీధిలోనే పేరుంది. "ఇంకెవురు? విల్లియనూరు పెద్దమ్మే అయ్యుంటాది! ఆ మహాతల్లి పోయిన నెలే దగ్గతా ఉండె! అయ్యో విశాలాక్షమ్మా, మమ్మల్ని వదిలి పోతివా!"

"నేను ఈడే ఉండానే!" అంది బిందెల వెనక నుంచి విశాలాక్షి.

మీనాంబాళ్ ఏడుపు ఆపి, కాస్త నిరాశగా, "అయితే ఇంకెవురు?" అంది.

ఎవరు పోయారో పట్టాభికి తెలుసు. తీసుకోకపోతే వీధంతా కలిసి బలవంతాన చదివిస్తుంది. ఈ ఏడుపు ఆగాలంటే తంతి విప్పాలి. విప్పితే చదవాలి. చదివితే అయిపోయింది. ఖాకీ చొక్కా మనిషి పెన్సిలు చాచాడు. పట్టాభి గుమ్మడికాయను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఆ పెన్సిలును రంగనాథం లాక్కున్నాడు.

"ఇట్లా తే. పిల్లనిచ్చిన మామను. నేను పెడతా సంతకం."

సంతకం పెట్టి కవరు అందుకున్నాడు. రంగనాథం చదివింది ఫ్రెంచి దొరల కాలంలో, వాళ్ళ బడిలో అయినా, బిల్లుల మీది ఇంగ్లీషు చదవడం వచ్చు. కవరును ట్యూబులైటు వెలుగుకు ఎత్తి పట్టి ఒక్క క్షణం చూశాడు. ఆయన ముఖం మారింది.

పట్టాభి కళ్ళు మూసుకున్నాడు. ఇప్పుడు మామ గెలిచాడు. పందెం సంగతి వీధికి గుర్తుచేస్తాడు. ఎనిమిది నెలలుగా ఈ క్షణం కోసమే చూస్తున్నాడు మరి.

కళ్ళు తెరిచేసరికి రంగనాథం అంగట్లోకి వెళ్ళి, సరస్వతి పటం ముందు వంగి, విప్పని కవరును సుత్తికీ ఉలికీ మధ్య మాల కింద పెడుతున్నాడు. పైన ఇంత కుంకుమ కూడా చల్లాడు.

"తమ్ముడూ, అదేంది?" అంది అలివేలుమంగ, ఏడుపు మధ్యలో ఆపి.

"అక్షరం గదా అక్కా! అక్షరమంటే సరస్వతి. పూజ వేళకి అక్షరం నడిచొచ్చి వాకిట్లో నిలబడితే చింపుతారా ఎవురన్నా? పూజలో పెట్టేసినా. రేపు పునర్‌పూజ దాకా ఎవురూ తాకగూడదు."

"చావు కబురు అయితే?"

"పోయినోళ్ళు ఎవురైనా ఇప్పుడు చదివితే బతికి వస్తారా? ఒరే పట్టాభీ, ఇంకా నిలబడుకోనే ఉండావా? కాయ కొట్టరా!"

పట్టాభి గుమ్మడికాయను నేలకేసి కొట్టాడు. ముక్కలు ఎదుటి అంగడి మెట్ల దాకా ఎగిరాయి.

"బావా," అని కోమల అతని చెవిలో గుసగుసలాడింది. "నాయన ఎందుకు ఇట్లా చేసినాడు?"

అతనికీ అర్థం కాలేదు.

* * *

గురువారం ఏడూ యాభైకి పట్టాభి కంపెనీ గేటు దగ్గర సైకిల్ దిగాడు. చొక్కాకు బ్యాడ్జీ ఉంది. బ్యాడ్జీ లేకపోతే లోపలికి రానివ్వరు.

గేటు పక్కన బాలసుబ్రహ్మణ్యం గారు నిలబడి ఉన్నారు. వచ్చే ప్రతి చొక్కా నంబరూ చదువుతున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక చేతిలో నంబరు లేని కాగితం నలిగిపోయి ఉంది.

"నువ్వా 1147?" ముఖం వైపు చూసి అదిరిపడ్డారు. "నిన్న నేను అడిగింది నిన్నే కదయ్యా!"

"ఆమా సార్, నన్నే. నిన్న బ్యాడ్జీ పెట్టుకోలా సార్. బ్యాడ్జీ లేకుండా నేనే 1147 అని ఎట్లా చెప్పేది? సర్క్యులర్ ఉండాది కదా."

"టెలిగ్రాం అందిందా?"

"అందింది సార్."

ఆయన ముఖం వెలిగింది. "మరి ఎందుకొచ్చావు?"

"దాంట్లో ఏముందో తెలీదు సార్. పూజలో ఉండాది."

"పూజలోనా?"

"అంగట్లో పూజ సార్. మా మామ పెట్టేసినాడు. ఇంకా పునర్‌పూజ కాలేదు. చదివి సంతకం చేస్తేనే కదా సార్ ఉత్తర్వు? ఇప్పుడు నంబరేసి ఇయ్యండి, ఈడనే చదువుతా."

బాలసుబ్రహ్మణ్యం గారు రెండో షెడ్డు వైపు చూశారు. తలుపులోంచి పై మెట్టూ, చామంతి మాలా, దాని కింద ఎర్ర అట్టా కనబడుతున్నాయి. మాల ఇంకా వాడలేదు. చెల్లప్పన్ దాని ముందు స్టూలు వేసుకొని కూర్చుని టీ తాగుతున్నాడు.

ఎనిమిది గంటల సంగు ఊదింది.

పట్టాభి కార్డును గడియారంలోకి దూర్చాడు. టక్కుమని ముద్ర పడింది. రెండు వందల నలభయ్యో రోజు.

మధ్యాహ్నానికి ఆ వార్త క్యాంటీన్‌కు చేరింది. వడ్డించేవాడు పట్టాభి ముఖం వైపు చూసి, ఒక అప్పడం పళ్ళెంలో పడేశాడు. క్యాంటీనంతా తినడం ఆపి చూస్తోంది. పట్టాభి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి కొరికాడు. చప్పుడు రాలేదు. పొద్దున వేయించింది, మెత్తబడిపోయింది. అయినా చివరిదాకా తిన్నాడు. అతని వయసు ఇరవై ఏడు. యాభై ఎనిమిదికి రిటైర్‌మెంటు. ఇంకా ముప్ఫై ఒక్క ఏళ్ళు రోజూ అప్పడం. రోజూ మూడు స్క్రూలు. ఆ రెండో సంగతి మాత్రం అతనికి అప్పుడే మొదటిసారి తట్టింది. తట్టగానే నీళ్ళు తాగాడు.

బొంబాయి నుంచి సాయంత్రానికే టెలిగ్రాం వచ్చింది. ఇక మీదట డిస్పాచ్ రిజిస్టర్‌ను ఏ పూజలోనూ పెట్టరాదని, ఈ ఉత్తర్వును సర్క్యులర్‌గా జారీ చేయమని. తిలగం దాన్ని టైపు చేసింది. నంబరు వేయడానికి రిజిస్టర్ తెరిస్తే మొదటి పేజీ నిండా చందనం అంటుకొని ఉంది.

* * *

అయిదింటికి పట్టాభి లడ్డూ పొట్లంతో మామ అంగడికి వెళ్ళాడు.

"మామా, నేను పర్మనెంటు."

"తెలుసు," అన్నాడు రంగనాథం. ఆయన ముఖంలో పట్టాభి ముఖంలో కంటే ఎక్కువ సంతోషం ఉంది. లడ్డూ మొత్తం ఒకేసారి నోట్లో వేసుకున్నాడు.

"ఆ తంతిలో ఏముందో నీకు నిన్ననే తెలుసు. లైటుకి ఎత్తి చూసినావు."

"చూసినా."

"పందెం నువ్వే గెలుస్తా ఉంటివి కదా మామా? మరి ఎందుకు దాచినావు?"

రంగనాథం లడ్డూ మింగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. తర్వాత ఎనిమిది నెలలుగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా కక్కాడు.

"గెలిచి ఏం చేసుకునేదిరా? గెలిస్తే నువ్వు వస్తావే! రెండుసార్లు వచ్చినావు, పది పది దినాలు. బిందె కొనను వచ్చినామెకి టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టినావు. అంగట్లో ఉండేది ఆమె ఒక్కతే! పదీ పావుకి టీ టైమని గిరాకీ మొగం మీద తలుపు సగం మూసినావు. అంగమ్మాళ్ కూతురి పెండ్లికి అరవై గ్లాసులు తీసి పెడితే, నువ్వు ఒక్కొక్కటే ఎత్తి చూసి, గీత ఉండాదని ఏడు గ్లాసుల మీద సుద్దముక్కతో ఇంటూ కొట్టినావు. నా సరుకును నా అంగట్లోనే రిజెక్టు చేసినావు కదరా! అరవైయ్యీ ఎదుటి అంగట్లో కొనుక్కోని పోయింది ఆమె."

"క్వాలిటీ మామా..."

"ఉండు, కాలేదు. మీనాంబాళ్ పళ్ళెం మీద మూడు అక్షరాలు కొట్టి సుత్తి కింద పెట్టినావు. తక్కింది ఎవురు కొడతారురా అంటే, అది నా పని కాదంటివే! పది దినాలంటే ఓర్చుకున్నా. జన్మంతా అంటే అంగడి మిగులుతుందా, నేను మిగులుతానా?"

"మరి ఆరేళ్ళుగా రమ్మని పిలిచినావే?"

"అప్పుడు నీకు పని తెలీదు, నేర్పుకుందునులే అని పిలిచినా. ఇప్పుడు కంపెనీ నిన్ను కంపెనీకి తప్ప దేనికీ పనికిరాకుండా చేసిపెట్టింది. అట్లా చేసినోళ్ళే ఇంక నిన్ను సాకాల. నాకేం పట్టింది?"

కోపం రావాలా, నవ్వు రావాలా అని పట్టాభి చూసుకున్నాడు. రెండూ రాలేదు. అంగట్లో పటాల వైపు చూశాడు. పునర్‌పూజ అయిపోయింది, మాలలు తీసేశారు. కానీ తంతి కవరు ఇంకా అక్కడే ఉంది, విప్పకుండానే. అలివేలుమంగ దానికి కొత్తగా పసుపు పూస్తోంది.

"అమ్మా, దాన్ని పారెయ్. అది ఉద్యోగం ఊడిందని వచ్చిన తంతి."

"ఛీ, నోరు ముయ్యి," అంది ఆమె. "ఇది వచ్చినాకే నీకు పర్మనెంటు అయింది. శుక్రవారం శుక్రవారం దీనికి బొట్టు పెడతా."

అప్పుడే మీనాంబాళ్ స్టీలు పళ్ళెం ఎత్తి పట్టుకొని అంగడి మెట్లెక్కింది. "ఏమప్పా, పెద్ద ఉద్యోగస్తుడివి అయిపోయినావంట! ఇప్పుడన్నా నా పేరు పూర్తిగా కొడతావా?"

మామ మాటలకు పట్టాభికి పౌరుషం వచ్చింది. ఈ ఒక్కటైనా పూర్తిచేసి చూపించాలనుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, "తే అక్కా," అని సుత్తి కోసం చెయ్యి చాచాడు.

రంగనాథం అంతకంటే ముందే సుత్తి లాక్కుని గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"నాలుగున్నర దాటిందిరా," అన్నాడు. "పోయి పడుకో. రేపు ఎనిమిదికి డ్యూటీ."